ఆరు లైన్ల ఊరు

‘పన్నెండో అంతస్తు’ సీరియల్ – పద్నాలుగో భాగం

పోయిన వారం నోరీన్ కిట్టోను లిఫ్టు ఎక్కించి వదిలేశాం. ఏడు రోజులుగా పాపం అందులోనే నిలబడి ఉంది. కాళ్ళు పీకుతుంటాయి. దించేద్దాం.

దించే ముందు, పోయిన వారం పత్రికను పక్కింటివాళ్ళు పట్టుకుపోతే ఊరుకున్న మంచివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నోరీన్ మా రాష్ట్రాన్ని ఏలే ప్రీమియర్‌కు వెన్నుదన్నుగా ఉండే శాఖలో అధికారి. ఆ శాఖ రోడ్లు వెయ్యదు, బడులు కట్టదు, ఆస్పత్రులు నడపదు. అవన్నీ చేసే శాఖలు ఏం వెలగబెడుతున్నాయో కనిపెట్టి, ప్రీమియర్ ఏం తెలుసుకోవాలో, ఏం మాట్లాడాలో, దేని మీద సంతకం పెట్టాలో కాగితం మీదికెక్కించి అందిస్తుంది. అక్కడ ఎంత నిశ్శబ్దమంటే, ఎనిమిదో అంతస్తులో ఎవరైనా గుండుసూది జారవిడిస్తే తొమ్మిదో అంతస్తులో దాని మీద రెండు పేజీల నివేదిక తయారయ్యేది. నేను కళ్ళారా చూశాను. గుండుసూది దొరకలేదు గానీ నివేదిక బాగా వచ్చింది.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ శాఖ రెండు పుస్తకాలు రాస్తుంది. ఉన్న ప్రీమియరే మళ్ళీ గెలిస్తే చేతికివ్వడానికి ఎర్ర అట్టది, ఎదుటివాడు గెలిస్తే ఇవ్వడానికి నీలి అట్టది. రాష్ట్రంలో ఎక్కడేం కాలుతోందో, ఎక్కడేం కూలుతోందో రెండింట్లోనూ ఉంటుంది. గెలిచినవాడి పుస్తకం గెలిచినవాడికి వెళుతుంది. ఓడినవాడి పుస్తకం సోమవారం పొద్దున, ఎవరూ తెరవకుండా, ఇద్దరు సాక్షుల ఎదుట నేలమాళిగలోని పొయ్యిలో పడుతుంది. గెలిచిన ప్రీమియర్ రెండో పుస్తకం అడగడు. అడగడమంటే విందులో పక్కవాడి పళ్ళెంలో చెయ్యి పెట్టడమే.

మొన్న శనివారం డెస్మండ్ టుల్లాక్ ప్రతిపక్ష నాయకుడు మాబట్ మీద ఒకే ఒక్క సీటు తేడాతో మళ్ళీ గెలిచాడు. ఆ ఒక్క సీటూ పోర్ట్ టెర్వీ. సీసం కరిగించే ఫ్యాక్టరీ ఉన్న ఊరు, నోరీన్ పుట్టి పెరిగిన ఊరు. సోమవారం పొద్దున నీలి పుస్తకం కాలింది. సాక్షులు శాఖ పెద్ద రోలండ్ పాస్కో, నోరీన్. ఇద్దరూ చేతులకంటిన మసి కడుక్కోక ముందే పైనుంచి ఫోను వచ్చింది, ప్రీమియర్ గారు ఇద్దర్నీ రమ్మంటున్నారని. పాస్కో మెట్ల మీంచి పరిగెత్తాడు. నోరీన్ లిఫ్టు ఎక్కింది.

పన్నెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది.

టుల్లాక్ బల్ల దగ్గర కూర్చుని మాంసం కూరి కాల్చిన పేస్టీ తింటున్నాడు. పెద్ద మనిషి, ఎర్రటి మెడ, పిల్లవాడి కళ్ళు. ఈయన నవ్వు సంగతి మీకు చెప్పాను కదా. ప్రచారంలో ఒకసారి ద్రాక్షతోటలో దిష్టిబొమ్మకు నవ్వుతూ చెయ్యిచ్చి ఓటడిగాడు. తీరా లెక్కింపు రోజున ఆ పోలింగ్ బూత్‌లో ఉన్న ఓటర్ల కంటే ఒక ఓటు ఎక్కువ పడింది. పాస్కో అప్పటికే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పాస్కో సన్నగా, బూడిదరంగు సూటులో, గోడకు ఆనించిన గొడుగులా ఉంటాడు. ఆయన నోటి వెంట ‘కాదు’ అన్న మాట వినాలంటే పళ్ళ డాక్టరు కుర్చీ పక్కన నిలబడి వినాలి.

“రామ్మా నోరీన్, కూర్చో,” అన్నాడు టుల్లాక్. “పేస్టీ ఇంకొకటుంది, తింటావా?”

“వద్దండి.”

“పోర్ట్ టెర్వీ వాళ్ళు తిండి వద్దనడం ఇవాళే చూస్తున్నా. పోయిన వారం మీటింగులో మీవాళ్ళు మూడొందల పేస్టీలు తిని, ఇంకా పెట్టెలకేసి చూశారు. సరే. నిన్న ఆదివారం చర్చి కూడా మానేసి మీరిచ్చిన ఎర్ర పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాను. చాలా బాగుంది. ద్రాక్ష రైతుల మీద తొమ్మిది పేజీలు. గోధుమలు తినిపోయే చిలకల మీద రెండున్నర పేజీలు. చిలకలకు ఓటు కూడా లేదు. నన్నీ కుర్చీలో కూర్చోబెట్టిన పోర్ట్ టెర్వీ మీద ఎంతనుకున్నావ్?”

నోరీన్ ఎర్ర అట్టకేసి చూసింది.

“ఆరు లైన్లు. ఇదుగో, చదివిపెట్టు. నా కళ్ళద్దాలు జిడ్డయ్యాయి.”

పుస్తకం ఆమె ముందుకు తోశాడు. ఆమె చదివింది. పోర్ట్ టెర్వీలో ఫ్యాక్టరీ దుమ్ము మీద పరిశీలన సంతృప్తికరంగా కొనసాగుతోంది. ఆరోగ్య శాఖ, ఫ్యాక్టరీ యాజమాన్యం పరస్పరం సంప్రదించుకుంటున్నాయి. ప్రాథమిక పాఠశాల సెలవుల అనంతరం మంగళవారం యథావిధిగా తెరుచుకుంటుంది. తక్షణం తీసుకోవలసిన నిర్ణయమేదీ లేదు.

“ఎవరు రాశారిది?”

“నేనేనండి.”

“ముచ్చటగా ఉంది. చేత్తో నిమిరితే పిల్లిపిల్లలా ఉంది. నీలి పుస్తకంలో పోర్ట్ టెర్వీ సంగతి ఎవరు రాశారు?”

పాస్కో గొంతు సవరించుకున్నాడు. “అయ్యా, ఆచారం ప్రకారం రెండో పుస్తకం గురించి...”

“నువ్వుండు రోలండ్. పుస్తకం కాలిపోయింది, సంతోషం. ఆచారం నిలబడింది. నేను పుస్తకాన్ని అడిగానా? ఈ అమ్మాయిని అడుగుతున్నా. శనివారం నుంచి ఈమె మళ్ళీ నా అధికారి. తనకు తెలిసింది నా అధికారి నాకు చెప్పకూడదని ఎక్కడైనా ఆచారముందా? ఉంటే ఆ కాగితం తెచ్చి చూపించు.”

నోరీన్ పాస్కో వైపు చూసింది. ఆయన ఒక్క మాట అంటే చాలు. అటువంటి మాటలు ఆయన దగ్గర ఎప్పుడూ నాలుగైదు సిద్ధంగా ఉంటాయి. ‘పరిశీలించి చెబుతామండి’ అన్నా గండం గడిచేది.

“అటువంటి ఆచారం లేదండి,” అన్నాడు పాస్కో.

“లేదంట. చెప్పమ్మా. నీలి పుస్తకంలో మీ ఊరికి ఎన్ని పేజీలు?”

“పదకొండు.”

టుల్లాక్ పేస్టీ కింద పెట్టాడు. “ఒక పుస్తకం ఒక చోట అంత బక్కగా ఉందంటే, ఇంకో పుస్తకం అక్కడే బలిసి ఉంటుందని అనుకున్నాను. కానివ్వు. తడుముకోకుండా చెప్పు. నువ్వు రాసింది నీకు రాకుండా ఉండదు.”

ఆమె చెప్పింది. తన ఒడిలో చేతులు చూసుకుంటూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఏప్రిల్‌లో బడి పిల్లల రక్తం పరీక్ష చేశారు. అరవై ఒక్క మంది. అందులో నలభై నాలుగు మంది రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. తొమ్మిది మందికి దానికి రెండింతలుంది. ఫ్యాక్టరీ దుమ్ము బడి మైదానంలో పడుతుంది, పిల్లలు అందులో ఆడి ఆ చేతులతోనే తింటారు. పెద్దవాళ్ళు తట్టుకుంటారు, పిల్లలు తట్టుకోలేరు. అది బుర్రను తింటుంది. తిన్నది తిరిగి రాదు. వాగుకు అవతల గుర్రప్పందేల మైదానంలో పెద్ద హాలు ఖాళీగా ఉంది, అటు గాలి వీచదు. ఈ సెలవుల తర్వాత బడి ఇప్పుడున్న చోట తెరవకూడదు. అక్కడ తెరవాలి. అదీ సారాంశం.

టుల్లాక్ రుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

“నాకు ఆరు లైన్లు. ఆ మాబట్ గాడికి పదకొండు పేజీలు. వాడు నీకేమవుతాడమ్మా? మేనమామా?”

“ఏమీ కారండి. ఆయన ప్రతిపక్షంలో ఉన్నారు, ఆయనకేం తెలియదు. తెలియనివారికి మొత్తం చెప్పాలి. మీకు తెలుసు.”

“నాకు తెలుసా?”

“మేలో పంపాను. జూలైలో పంపాను. ఆగస్టులో పంపాను. మూడుసార్లూ వెనక్కొచ్చింది. మూడుసార్లూ పక్కన ‘ఇంకాస్త మెత్తగా రాయొచ్చా?’ అని మీరు రాశారు. మెత్తగా, మెత్తగా రాసి చివరకు ఆరు లైన్లు మిగిలాయి.”

“నేను రాశానా? దేంతో రాశాను?”

“పెన్సిల్‌తో.”

టుల్లాక్ ఆ నవ్వు నవ్వాడు, దిష్టిబొమ్మకు చూపించిన నవ్వు. బల్ల సొరుగు లాగాడు. అందులో ఆకుపచ్చ సిరా పెన్నులు పదో పదిహేనో ఉన్నాయి, ఇంకేమీ లేదు.

“నేను పెన్సిల్ పట్టింది వడ్రంగం చేసే రోజుల్లో. చెవి వెనక పెట్టుకునేవాణ్ణి. తర్వాత ఇదుగో, పచ్చ సిరా తప్ప ముట్టలేదు. ఈ భవనంలో ఆ సంగతి టీ ఇచ్చే మనిషికి కూడా తెలుసు. రోలండ్, నీ పైజేబులో అదేంటి?”

“పెన్సిలండి,” అన్నాడు పాస్కో.

నాలుగు నెలలుగా నోరీన్ టుల్లాక్‌ను మనసులో రోజూ తిట్టుకుంటోంది. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఎక్కడ దించుకోవాలో తెలియక నిలబడిపోయినట్టయింది. అయిదేళ్ళ కిందట పాస్కోనే ఆమెకు నివేదికలు రాయడం నేర్పాడు. ఆమె పెళ్ళి పెటాకులైనప్పుడు ఏమీ అడగకుండా మూడు వారాల సెలవు ఇచ్చింది ఈ మనిషే.

“ఇవి పైకే రాలేదా?” అని అడిగింది.

“పైకి రాకూడదనే రాలేదు,” అన్నాడు పాస్కో, ఆమెకేసి చూడకుండా. “మార్చిలో, కారులో, అయ్యగారు నాతో ఒక మాటన్నారు. ‘రోలండ్, నాకు తెలియాల్సినవి కొన్ని, నాకు తెలియకుండా ఉండాల్సినవి కొన్ని. పోర్ట్ టెర్వీ రెండో రకం’ అన్నారు.”

“అన్నానా?” అన్నాడు టుల్లాక్.

“అన్నారండి.”

“ఎవరైనా విన్నారా?”

“డ్రైవరు.”

“వాడెక్కడ?”

“జూన్‌లో రిటైరయ్యాడు. చెవుడొచ్చి.”

“అయితే నేననలేదు.” టుల్లాక్ ఇంకో పేస్టీ అందుకున్నాడు. “చూశావా నోరీన్, ఇదీ మీ శాఖ. నాకేం తెలియాలో చెప్పడం ఏ గుమాస్తా అయినా చేస్తాడు. నాకేం తెలియకూడదో కనిపెట్టి, దాన్ని తన గొంతులో దాచుకుని, గుటక వెయ్యకుండా ఇన్ని నెలలు నిలబడటం ఉందే, అదీ సేవ. మా అమ్మ కూడా నాకింత చెయ్యలేదు. రోలండ్, నిన్ను మెచ్చుకుంటున్నాను. కాస్త సిగ్గుపడు.”

పాస్కో నిజంగానే సిగ్గుపడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. అది ఆయన చేసిన అన్ని పనుల్లోకీ నీచమైనదని నోరీన్ తర్వాత అనేది.

“ఇప్పుడు తెలిసింది కదండీ,” అంది ఆమె.

“ఏంటి?”

“మీకిప్పుడు తెలిసింది. మీరే అడిగారు, నేనే చెప్పాను, పాస్కో గారు విన్నారు. ఆయనకు చెవుడు లేదు. రేపు తొమ్మిదింటికి ఆ బడి తెరిస్తే తెలిసి తెరిచినట్టే.”

టుల్లాక్ నమలడం ఆపాడు. ఆయన ముఖంలో నవ్వు ఉన్న చోటే ఉంది గానీ, దాన్ని అక్కడ ఎవరో మేకు కొట్టి నిలిపినట్టుంది. ఇక్కడ ఆయన్ని కొంచెం మెచ్చుకోవాలి. ఇంకో ప్రీమియరైతే అరిచేవాడు. ఆయన లేచి, తన టీ కప్పులో చక్కెర వేసి, కలిపి, తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“తాగు. బాగా చెప్పావ్. తెలిసింది. తెలిసినవాడు చేతులు కట్టుకుని కూర్చుంటే తప్పు. ఒక పని చేద్దాం. మీ అన్న ఇంకా ఫ్యాక్టరీలోనే ఉన్నాడా?”

“ఉన్నాడండి. కీత్. కొలిమి దగ్గర.”

“పిల్లలు?”

“కూతురు జిల్ రెండో తరగతి. కొడుకు బారీ పెద్దవాడు, ఈ బడి అయిపోయింది.”

“మంచిది. రేపు పొద్దున నువ్వు మీ ఊరెళ్ళు. బడి తెరిచే ముందు తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టు. నీ ఇష్టం వచ్చింది చదువు. ఆరు లైన్లు చదువుతావా, పదకొండు పేజీలు చెబుతావా, నేను ఒక్క మాట అనను. నీ వెనక మనిషిని కూడా పంపను. తర్వాత చేతులెత్తమను. ఊరు బడి వద్దంటే, రేపే గుర్రాల మైదానానికి మారుద్దాం. ఊరు తెరవమంటే తెరుద్దాం. రోలండ్, రాయి. ఊరి మాటే ప్రీమియర్ మాట అని రాయి.”

పాస్కో రాశాడు. ఆ పెన్సిల్‌తోనే. టుల్లాక్ దాని కింద పచ్చ సిరాతో సంతకం చేశాడు.

“నిజం చెప్పమంటారా?” అంది నోరీన్.

“చెప్పమంటున్నాను తల్లీ. మొత్తం చెప్పు. బడి మూసేస్తే బుధవారం పేపర్లో వస్తుందని చెప్పు. పేపర్లో వస్తే ఫ్యాక్టరీ యజమానులు ఊపిరి పీల్చుకుని తాళం వేస్తారని వాళ్ళకు నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్ళకే తెలుసు. ఎప్పట్నుంచో సాకు కోసం చూస్తున్నారు పాపం. నాకు మీ ఊరి ఓట్లు కావాలి, మీ ఊరికి కొలిమి కావాలి, నీకు పిల్లలు కావాలి. ఎవరి మాట నెగ్గుతుందో మీవాళ్ళే చెప్పనీ. నేను ప్రజల మనిషిని.”

ఆమె టీ ముట్టలేదు. ఆ కాగితం తీసుకుని బయటికొచ్చింది.

వరండాలో పాస్కో వెనకాలే వచ్చాడు. “నోరీన్, ఒక్క నిమిషం. నా మాట విను. రేపు ఆరు లైన్లు చదివి వచ్చెయ్.”

“మీరెప్పుడైనా ఆ బడి చూశారా సార్?”

“ఫొటో చూశాను.”

“ఫొటోలో దుమ్ము పడదు.”

“నీకర్థం కావడం లేదు. ఊరి మాట వినడానికి కాదు ఆయన నిన్ను పంపుతున్నది. ఊరి చేతే నీ నోరు మూయించడానికి. నువ్వక్కడ ఓడిపోతే ఇక ఈ విషయం ఎవరూ ఎత్తరు. ఊరే తెరవమంది కదా అంటారు. పదేళ్ళు.”

“తెలుసు.”

“తెలిసీ వెళతావా?”

“వెళ్ళకపోతే రేపు తొమ్మిదింటికి ఎలాగూ తెరుస్తారు. వెళితే ఒక్క తల్లయినా వింటుందేమో. ఒక్కరు విన్నా ఒక పిల్ల తగ్గుతుంది.” లిఫ్టు వచ్చింది. ఆమె ఎక్కుతూ, “ఆ పెన్సిల్ జాగ్రత్తగా ఉంచుకోండి సార్. మొన మెత్తబడుతోంది,” అంది.

మంగళవారం ఎనిమిదిన్నరకు బడి షెడ్డు కింద జనం కిక్కిరిశారు. పోర్ట్ టెర్వీలో ఎవరి అమ్మాయి అయినా రాజధాని నుంచి ప్రీమియర్ కాగితంతో వచ్చిందంటే కుంటివాళ్ళు కూడా కర్ర వదిలేసి వస్తారు. తల్లులు కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు పళ్ళేల్లో సర్ది తెచ్చారు. మగవాళ్ళు రాత్రి షిఫ్టు దిగి బట్టలు మార్చుకోకుండానే వచ్చారు. పిల్లలు మైదానంలో గోలీలాడుతున్నారు. గోలీ గురి చూసి కొట్టే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని తడిపి తీయడం అక్కడి పిల్లల అలవాటు. జారకుండా ఉంటుందట.

హెడ్‌మిస్ట్రెస్ మిస్ ట్రెంబాత్ అందర్నీ కూర్చోమంది. ఆ బళ్ళో ఇరవై ఆరేళ్ళుగా ఉంది. నోరీన్‌కు కూడికలు నేర్పింది ఆవిడే.

నోరీన్ ఆరు లైన్లు చదవలేదు. పదకొండు పేజీలు చెప్పింది. పన్నెండో అంతస్తులో చెప్పినట్టు కాదు, ఆ ఊరి మాటలో, ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పింది. నలభై నాలుగు అన్నప్పుడు ఎవరూ కదల్లేదు. బుర్రను తింటుంది అన్నప్పుడు ముందు వరసలో ఒక తల్లి పళ్ళెం మీద గుడ్డ సరిచేసుకుంది. వాగు అవతల హాలు గురించి చెప్పి, ప్రీమియర్ కాగితం చదివి, ఆపింది.

కీత్ లేచాడు. ఆమె కంటే ఎనిమిదేళ్ళు పెద్ద, భుజాలు తలుపంత, గోళ్ళలో ఎన్నిసార్లు కడిగినా పోని నలుపు.

“నోరీ, ఇది నిన్నెవరు చెప్పమన్నారే? ఆ మాబటా?”

“ఎవరూ చెప్పమనలేదు అన్నయ్యా.”

“మరి ఓడిపోయినవాడి కోసం రాసిన పుస్తకంలోది మాకెందుకు చెబుతున్నావ్? గెలిచినవాడి పుస్తకంలో ఇది ఉందా?”

“లేదు.”

“లేదంట,” అన్నాడు కీత్ అందరికేసి తిరిగి. ఎవరో నవ్వారు. “గెలిచినాయనకు చెప్పనిది మాకు చెబుతోంది, ఎంత ప్రేమో. ఒసే, నేను పుట్టింది ఈ దుమ్ములో. నువ్వు పుట్టిందీ ఈ దుమ్ములోనే, ఆఫీసర్‌వయ్యావు కదా? నా పెద్దోడు బారీ ఆరేళ్ళు ఇక్కడే చదివాడు. వాడికేమొచ్చింది? గడియారం చూడ్డం రాదు, అంతేగా. కాస్త నిదానం. మా నాన్నా అంతే. నిదానస్థులం, మా వంశమే అంత. కొలిమి ఆగితే ఆ నిదానస్థుడికి పని ఎవడిస్తాడు? నువ్విస్తావా, మీ పన్నెండో అంతస్తులో?”

“అన్నయ్యా, జిల్‌కి...”

“జిల్ సంగతి నేను చూసుకుంటా. నీకు పిల్లల్లేరు కాబట్టి మా పిల్లల మీద పడ్డావ్.”

ఆ మాటకు షెడ్డులో కొందరు తలలు దించుకున్నారు. కానీ కాదనలేదు.

“చేతులెత్తండి,” అన్నాడు కీత్, ఎవరూ అడక్కుండానే. “బడి ఇక్కడే తెరవాలన్నవాళ్ళు.”

మొదట ఆయన చెయ్యే లేచింది. తర్వాత మగవాళ్ళవి. తర్వాత తల్లులవి, ఒకటొకటిగా, పక్కవాళ్ళను చూసి. పళ్ళెం గుడ్డ సరిచేసిన తల్లి చివర ఎత్తింది, కళ్ళు మూసుకుని. నోరీన్ ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్ళింది. వరసల్లో ఒక్కరు కూడా మిగల్లేదు. టుల్లాక్ ఎదురుగా లేడు, ఉండాల్సిన అవసరమూ లేకపోయింది.

గంట కొట్టారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. జిల్ గోలీ నోట్లోంచి తీసి గౌను జేబులో వేసుకుని, అత్త వైపు చెయ్యి ఊపి, లోపలికెళ్ళింది. తల్లులు కేకులు పంచడం మొదలుపెట్టారు. ఒకామె నోరీన్‌కూ ఒకటి తెచ్చిచ్చింది. “తినమ్మా, అంత దూరం నుంచి వచ్చావ్,” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే భరించలేకపోయింది నోరీన్.

అప్పుడు గుర్తొచ్చిందామెకు. మిస్ ట్రెంబాత్ చెయ్యెత్తలేదు.

ఆఫీసు గది గుమ్మంలో నిలబడి అడిగింది. “మిస్, మీరు చెయ్యెత్తలేదు. మీరొక్కరైనా నా మాట నమ్మారా?”

“నమ్మడమేంటే పిచ్చిదానా,” అంది మిస్ ట్రెంబాత్. ఆవిడ గొంతు కోపంగా లేదు, అలిసిపోయి ఉంది. “నేను ఆరేళ్ళ కిందటే ఈ మాట ఎత్తాను. అంతకు ముందు రెండేళ్ళు చూశాను, మొదటి తరగతిలో చురుగ్గా ఉన్నవాళ్ళు మూడో తరగతికి మొద్దుబారిపోతున్నారు. ఏడుగురి పేర్లు రాసి, మైదానంలో మట్టి పరీక్ష చేయించండి అని ప్రీమియర్‌కు ఉత్తరం రాశాను. నా ప్రతి దాచుకున్నాను. జవాబు కూడా వచ్చింది, రెండింటినీ కలిపి గుచ్చి పెట్టాను. చూస్తావా?”

నోరీన్‌ను లోపలికి పిలిచి, సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. పైన జవాబు, దాని కింద ఆవిడ ఉత్తరం.

జవాబు రెండు లైన్లే. మీ లేఖ అందినది. అందలి విషయము ప్రీమియర్ గారి తరఫున నమోదు చేసుకొనబడినది.

ఆరేళ్ళ కిందట ఉత్తరాల విభాగంలో కొత్తగా చేరినవాళ్ళు రోజుకు నలభై ఉత్తరాలకు అలాంటి జవాబు రాసేవారు. ‘నమోదు’ అంటే చదివాం, బీరువాలో పెట్టాం, ఇక ఎవరూ తెరవరు అని అర్థం. సాయంత్రం నాలుగయ్యేసరికి చదవకుండానే రాసేవారు. నోరీన్ ఉత్తరాల విభాగంలో పద్నాలుగు నెలలు పనిచేసింది.

జవాబు కింద సంతకం గుండ్రటి అక్షరాలతో, శ్రద్ధగా, కొత్త ఉద్యోగం సంతకం. నోరీన్ కిట్టో.

ఆమె ఆ కాగితం తిప్పింది. ఉత్తరంలో ఏడు పేర్లున్నాయి. అన్నింటికంటే పైన మిస్ ట్రెంబాత్ దస్తూరీలో, ‘బారీ కిట్టో, ఏడేళ్ళు. పోయిన ఏడాది గడియారం చూసి టైము చెప్పేవాడు. ఈ ఏడాది చెప్పలేకపోతున్నాడు.’

“నీ పేరు చూసి నేను చాలా సంతోషించాను అప్పుడు,” అంది మిస్ ట్రెంబాత్. “మన అమ్మాయే అక్కడుంది, ఇక చూసుకుంటుందిలే అనుకున్నాను. అందుకే మళ్ళీ రాయలేదు.”

వెనక గుమ్మంలో వెలుతురు తగ్గింది. నోరీన్ తిరిగి చూడక ముందే ఎవరో తెలిసింది. ఆ గుమ్మం నిండా పట్టే భుజాలు ఆ ఊళ్ళో ఒక్కరివే.

“నోరీ,” అన్నాడు కీత్. గొంతు మెత్తబడి ఉంది. “ఆ పిల్లల్లేరన్న మాట అనకుండా ఉండాల్సింది. మీ వదిన తిట్టింది. ఇంటికి రా, అన్నం తిని వెళుదువు గాని. బారీ పొద్దుట్నుంచీ అత్తొచ్చిందా, అత్తొచ్చిందా అని ప్రాణం తీస్తున్నాడు.”

కాగితం పట్టుకున్న చేతులు బల్ల మీంచి లేవలేదు.

“ఏంటే అలా ఉన్నావ్? ఏంటది?”

కీత్ రెండడుగులు లోపలికొచ్చాడు. మిస్ ట్రెంబాత్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది, ఇక తను చూడదలచుకోలేదన్నట్టు.

“బారీ పేరుందేంటి దాంట్లో?” అన్నాడు కీత్, నలుపు దిగిన చెయ్యి ముందుకు చాచి. “ఇటివ్వు.”